పద్దెనిమిదో కరెంటు తరువాత

హైదరాబాద్,
6 జూలై 1994.

అక్కకు,

నమస్కారాలు. సోమవారం మొదలుపెట్టారు. మొత్తం ముప్పై సార్లు కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలట, శని ఆదివారాలు వదిలి రోజుకొకటి. ఈ రోజుతో మూడు అయ్యాయి.

నువ్వు అడిగావని రాస్తున్నాను. ఎడమ చెవి వెనక అరచేతి మందాన జుట్టు గొరిగి, ఊదారంగు సిరాతో గీతలు గీశారు. ఆ గీతలు చెరగకూడదు. ఆరు వారాలు తలకు నీళ్లు పోసుకోవద్దన్నారు. బల్ల మీద పడుకోబెట్టి, తల కదలకుండా పట్టీ బిగించి, అందరూ బయటికి పోయి బరువైన తలుపు మూస్తారు. ఇరవై రెండేళ్లు బొగ్గు గనిలో తిరిగినవాణ్ని, మూసిన గదులు నాకు కొత్త కాదు. కానీ గనిలో నేను ఎప్పుడూ ఒక్కణ్నే లేను. ఇక్కడ రెండు నిమిషాలు ఒక్కణ్నే. నొప్పి లేదు, వేడి లేదు. యంత్రం గురగురమంటుంది, అదీ కుడి చెవికే.

ఆస్పత్రి వెనక సత్రంలో చాప దొరికింది. నా పక్క చాప మీద జమ్మికుంట దగ్గరి పత్తి రైతు, ఆయనకు గొంతులో గడ్డ. నాది క్యాన్సర్ కాదని తెలిసినప్పటి నుంచి నా వైపు కొంచెం కోపంగా చూస్తున్నాడు. డాక్టరు మళ్లీ అదే చెప్పాడు. చెవి నరం మీద ఉసిరికాయంత గడ్డ. కోసి తీస్తే మూతి వంకర పోవచ్చు. కరెంటు పెడితే గడ్డ పోదు, పెరగకుండా ఆగవచ్చు. పోయిన చెవి ఎటూ రాదు. నేను దీన్నే ఎందుకు ఎంచుకున్నానో నీకు తెలుసు. కోసిన గాటు ఉంటే గనిలో అందరూ అడుగుతారు.

గనిలో చెవిలో చీము అని చెప్పి సెలవు చీటీ ఇచ్చాను. ఉన్న సెలవంతా ఊడ్చి కలిపితే సరిగ్గా ఆరు వారాలు. ఒక్క రోజు కూడా మిగలదు. నా ఇంటిది భూమవ్వకు కూడా నరం వాచిందని మాత్రమే చెప్పాను. నువ్వు ఉత్తరం రాసేటప్పుడు గడ్డ అన్న మాట వాడకు.

నీ తమ్ముడు,
పర్శరాములు


మెట్‌పల్లి,
12 జూలై 1994.

తమ్ముడు పర్శరాములుకు,

దీవెనలు. నీ ఉత్తరం శనివారం అందింది. వానకు మా బడి రెండు గదులు కురుస్తున్నాయి. మూడో తరగతిని, ఐదో తరగతిని ఒకే గదిలో కూర్చోబెట్టి చెబుతున్నాను. సగం మంది ఆడపిల్లలు పలక కింద బీడీ ఆకు దాచుకుని కత్తిరిస్తుంటారు. నేను చూడనట్టు ఉంటాను. దాచడం మా ఇంట్లోనే నేర్చుకున్నాను కదా, ఇంకొకరిని ఏమనాలి.

నీ చెవి సంగతి నేను కనిపెట్టింది ఎట్లాగో నీకు ఎన్నడూ చెప్పలేదు. అవ్వ మాసికం భోజనాలప్పుడు పంక్తిలో ఎడమ చివర కూర్చున్నావు. చిన్నబాపు మధ్యలోకి పిలిస్తే రాలేదు. వడ్డించే దేవవ్వ నీ ఎడమ పక్క నుంచి మూడుసార్లు "పప్పు ఎయ్యాల్నా" అని అడిగింది. నువ్వు పలకలేదు. దానికి కోపం వచ్చి "సర్దార్ అయినంక గీయినకు పప్పు పనికి రాదు" అన్నది. అందరూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావు, ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే. నాకు అప్పుడే తెలిసిపోయింది.

నేను బడిపంతులమ్మను, గని గురించి ఏమీ తెలియదు. సర్దారంటే కూలీల మీద పెద్ద అని, భూమి కింద మనుషుల బాగోగులు చూస్తాడని మాత్రం తెలుసు. నాకు ఒక్కటి చెప్పు. ఒక చెవి లేకుండా ఆ పని ఏడాది నుంచి ఎట్లా చేస్తున్నావు? అబద్ధం రాస్తే చేతిరాత చూసి పట్టుకుంటాను, నీకు అక్షరాలు దిద్దించింది నేనే.

వాంతులు వస్తే ఉప్పు వేసిన గంజి తాగు. కారం తినకు.

నర్మద


హైదరాబాద్,
19 జూలై 1994.

అక్కకు,

పన్నెండు అయ్యాయి. గంజి తాగుతున్నాను. ఏది తిన్నా ఇనుము నాకినట్టు ఉంది. పొద్దున లేచి నిలబడితే సత్రం అంతా ఎడమకు ఒరుగుతుంది, గోడ పట్టుకుని నల్లా దగ్గరికి పోతాను. పది గంటలకు చీటీ ఇచ్చి కూర్చుంటే పన్నెండుకో ఒంటిగంటకో పిలుస్తారు. తిరిగి వచ్చి పడుకుంటే సాయంత్రం దాకా లేవబుద్ధి కాదు. మెలకువగా ఉన్నంత సేపు గని చట్టం పుస్తకం చదువుతాను. పని మరచిపోతానేమో అని భయం.

నువ్వు అడిగినదానికి జవాబు రాస్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

బొగ్గు తీసిన చోట పైన రాతి కప్పు మిగులుతుంది. కూలీలు లోపలికి పోకముందు సర్దారు పోయి ఆ కప్పును పరీక్ష చేయాలి. దానికి ఇనుప పొన్ను ఉన్న కర్ర ఉంటుంది. ఆ కర్రతో పైకప్పును కొట్టి వినాలి. రాయి గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పైన పగులు ఉంటే బద్దుమని బోలుగా పలుకుతుంది. బోలుగా పలికితే ఊతకర్ర నిలబెట్టేదాకా ఎవరినీ రానివ్వకూడదు. ఇంతే పని. ఈ పని మీద ముప్పై మంది ప్రాణాలు ఉంటాయి. పరీక్ష అయ్యాక పుస్తకంలో 'బాగుంది' అని రాసి నేను సంతకం పెట్టాలి.

రెండు చెవులు ఉన్నప్పుడు నిద్రలో కొట్టినా తేడా చెప్పేవాణ్ని. ఒక చెవితో దగ్గరిది తెలుస్తుంది, కొంచెం పక్కకు పోతే అన్నీ ఒకేలా ఉంటాయి. నా దగ్గర నాగయ్య అనే మనిషి ఉన్నాడు, ఊతకర్రలు నిలబెట్టేవాడు. పద్దెనిమిదేళ్లుగా నాతోనే ఉన్నాడు. పోయిన దసరా ముందు ఒక రోజు నేను కొట్టిన చోటే తానూ మళ్లీ కొట్టి, అరచేయి కప్పుకు ఆనించి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నేను ఊతకర్ర పెట్టమన్నాను. తాను ఏమీ అడగలేదు. అప్పటి నుంచి నేను మొదట కొడతాను, తాను రెండోసారి కొడతాడు. తల ఊపేదాన్ని బట్టి నేను పుస్తకం రాస్తాను. చూసేవాళ్లకు నాగయ్య నాకు సాయం వస్తున్నట్టే ఉంటుంది.

నాకు ఈ సంగతి సిగ్గు. కానీ పని మాత్రం ఆగలేదు, ఎవరికీ దెబ్బ తగలలేదు.

పర్శరాములు


మెట్‌పల్లి,
24 జూలై 1994.

పర్శరాములుకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇంత చక్కగా రాస్తావని తెలిస్తే నిన్ను గనికి పంపనిచ్చేదాన్ని కాదు.

ముప్పై మంది ప్రాణాల మీద సంతకం పెడుతున్నానని నువ్వే రాశావు. ఆ సంతకం నీది, చెవి నాగయ్యది. నాగయ్యకు జ్వరం వస్తే? వాళ్ల ఊరికి పోతే? మేనేజరుకు నిజం చెప్పు. పైన పని ఇవ్వమని అడుగు. ల్యాంపు గదిలో లైట్లు అందించే పని చేస్తే నీ గౌరవం ఎక్కడికి పోతుంది? పోతుందనే నీ భయం, నాకు తెలుసు. బొగ్గు నింపే కూలీగా చేరి, లాంతరు కింద చదివి పరీక్ష పాసై సర్దారువు అయ్యావు. ఆ రోజు బాపు బజారంతా తిరిగి అందరికీ చెప్పాడు. ఆ సంతోషం నేను మరచిపోలేదు. కానీ మొండివాడు రాజు కన్నా బలవంతుడని పక్కవాళ్ల ప్రాణాల మీద మొండితనం చేస్తే ఎట్లా?

నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను. మేనేజరు పేర ఉత్తరం రాసి కవరులో పెట్టాను. వైద్యం అయ్యేదాకా ఆగుతాను. ముప్పయ్యో కరెంటు అయిన మరునాడు పోస్టు డబ్బాలో వేస్తాను. కోపం వస్తే తెచ్చుకో.

నర్మద


హైదరాబాద్,
29 జూలై 1994.

అక్కకు,

బుధవారం పద్దెనిమిదోది అయింది. గురువారం పోతే యంత్రం చెడిపోయిందన్నారు. ఏదో భాగం బొంబాయి నుంచి రావాలట. రెండు వారాలు పట్టవచ్చు, పంద్రాగస్టు దాటాక రమ్మన్నారు. మధ్యలో ఆపడం మంచిది కాదు కదా అంటే డాక్టరు చేతులు తిప్పాడు. జమ్మికుంట రైతు ఇంటికి పోనన్నాడు, పోతే మళ్లీ రాలేనట. చాప మీదనే ఉన్నాడు.

నా దగ్గర సెలవు లెక్క ప్రకారమే ఉంది. ఈ రెండు వారాలు సెలవులో కూర్చుంటే మిగిలిన పన్నెండు సార్లకు సెలవు ఉండదు. గైరుహాజరు అయితే ఆస్పత్రి కాగితాలు అడుగుతారు, కాగితం చూస్తే గడ్డ బయటపడుతుంది. అందుకని రేపు రైలెక్కుతున్నాను. సోమవారం పనిలో చేరి, రెండు వారాలు చేసి, మళ్లీ వస్తాను.

నువ్వు ఆ ఉత్తరం పోస్టు చేయకు. దండం పెడుతున్నాను. మనూరి నుంచి గనికి పోయినవాళ్లలో సర్దారు అయింది నేనొక్కణ్నే. వచ్చే ఏడు అందరికీ వైద్య పరీక్ష ఉంది, అందులో ఎటూ పట్టుకుంటారు. అప్పటిదాకా నన్ను సర్దారుగా ఉండనీ. నాగయ్య ఉన్నాడు. రెండు వారాల్లో ఏమీ కాదు.

పద్దెనిమిదోది అయ్యాక ఎడమ చెవిలో కీచురాళ్ల మోత మొదలైంది. నరం వాచిందట, మాత్రలు ఇచ్చారు. తగ్గుతుంది.

పర్శరాములు


మెట్‌పల్లి,
2 ఆగస్టు 1994.

పర్శరాములుకు,

రెండు రోజులు ఆలోచించాను. నువ్వు దండం పెట్టడం నాకు నచ్చలేదు, నువ్వు నాకు అట్లా ఎన్నడూ రాయలేదు.

మేనేజరుకు రాసిన కాగితం చింపి పొయ్యిలో వేశాను. నీ మాట నిలబెట్టాను, నువ్వు నా మాట ఒక్కటి నిలబెట్టు. మైకం వచ్చిన రోజు గనిలోకి దిగకు. నాగయ్య లేని రోజు దిగకు.

భూమవ్వను అడిగానని చెప్పు.

నర్మద


తిమ్మాపూర్ గని కాలనీ,
ఆదిలాబాద్ జిల్లా,
9 ఆగస్టు 1994.

అక్కకు,

శుక్రవారం మొదటి షిఫ్టులో కప్పు పడింది. నాగయ్య పోయాడు.

ఊతకర్ర పెట్టకముందే తొందరపడి లోపలికి పోయాడు. నేను వెనక్కి పిలిచాను. రాయి రెండు మంచాలంత ఉంది. తీయడానికి మూడు గంటలు పట్టింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

నా పై అధికారి, ఓవర్‌మన్ అంతయ్య రిపోర్టు రాసి పైకి పంపాడు. సెప్టెంబరులో విచారణ ఉంటుంది. సోమవారం హైదరాబాద్ బయలుదేరతాను. యంత్రం బాగైందని కార్డు వచ్చింది.

నాకు ఏమీ కాలేదు. నువ్వు రావద్దు, బడి వదిలిపెట్టకు.

పర్శరాములు


మెట్‌పల్లి,
13 ఆగస్టు 1994.

పర్శరాములుకు,

ఏమని రాయాలో తెలియక మూడు కాగితాలు పాడు చేశాను. నాగయ్యను నేను చూడలేదు. నీ ఉత్తరాల్లో చూశాను. తల ఎటు ఊపితే నువ్వు అటు రాసేవాడివని చదివిన రోజు నుంచి నాకు ఆ మనిషి తెలిసినవాడే. వాళ్ల ఆవిడ పేరేమిటి? పిల్లలు ఎంతమంది? ఇవి ఏవీ రాయలేదు నువ్వు.

నీ ఉత్తరం ఒక పేజీ కూడా లేదు. అక్షరాలు వరుసగా, గుండ్రంగా, పరీక్ష పేపరు రాసినట్టు ఉన్నాయి. నీ చేయి వణికి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

ఒక్క మాట అడుగుతాను. పద్దెనిమిదేళ్లు పైకప్పు కింద బతికిన మనిషి, నీ పరీక్ష తానే మళ్లీ చేసే మనిషి, తొందరపడి పోయాడా? ఆ రోజు రెండోసారి కర్ర కొట్టాడా లేదా? కొడితే ఏమన్నాడు?

నర్మద


హైదరాబాద్,
25 ఆగస్టు 1994.

అక్కకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. ఈ రోజుతో ఇరవై ఆరు అయ్యాయి. ఎడమ చెంప తిమ్మిరెక్కినట్టు ఉంది, నీళ్లు తాగితే ఆ పక్క నుంచి కారుతున్నాయి. నడిస్తే తాగినవాణ్నని పక్కకు తప్పుకుంటున్నారు. జమ్మికుంట రైతు చాప ఖాళీగా ఉంది. ఎటు పోయాడని అడగలేదు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ, నీ ముందే కదా.

ఆ రోజు శుక్రవారం. నలుగురు కొత్తవాళ్లు వచ్చారు, బొగ్గు నింపే బదిలీ ఫిల్లర్లు, ఇంకా పర్మినెంటు కానివాళ్లు. సిరా గీతలు కనబడకుండా టోపీ కింద తువ్వాల చుట్టుకున్నాను. నాగయ్య ఒక్కడే చూశాడు. "నెత్తికేమైంది సర్దార్" అన్నాడు. ఏం కాలేదన్నాను. చెవిలో కీచురాళ్ల మోత ఆగడం లేదు. నాలుగు చోట్ల కొట్టాను. నాలుగూ ఒకేలా పలికాయి. గట్టిగా ఉంది అన్నాను.

నాగయ్య రెండోసారి కొట్టాడు. అరచేయి ఆనించాడు. తల ఊపలేదు, ఎందుకంటే నేను అటు చూడడం లేదు. అందుకని నోటితో చెప్పాడు. "సర్దార్, గిక్కడ బోలుగ ఇనవడుతుంది. జర ఆగుదాం, ఇటు పక్క నుంచి ఊతం పెట్టుకుంట పోదాం."

పద్దెనిమిదేళ్లలో నలుగురి ముందు తాను నా మాట కాదనడం అదే మొదలు. కొత్తవాళ్లలో ఒకడు నవ్వాడు. "సర్దార్ ఎవలే, గాయినా గీయినా" అన్నాడు.

నేను అన్నాను, "సర్దార్ నేను. గట్టిగున్నది అంటున్న. పో, పోయి దుంగ నిలవెట్టు." ఇంకొక మాట కూడా అన్నాను. "భయమైతే ఇంటికి పోయి పోశవ్వ కొంగు వట్టుకో" అన్నాను. నువ్వు అడిగావు కదా, వాళ్ల ఆవిడ పేరు అదే.

తాను నా వైపు చూశాడు. కోపంగా కూడా చూడలేదు. దుంగ భుజాన వేసుకుని పోయాడు.

కప్పు విరిగే ముందు చప్పుడు చేస్తుంది. అందరూ వెనక్కి దూకారు. నాకూ వినపడింది, కానీ ఎటు నుంచి వచ్చిందో తెలియలేదు, అట్లాగే నిలబడ్డాను. నవ్వినవాడే నా చొక్కా పట్టి గుంజాడు. నాగయ్య దుంగతో వంగి ఉన్నాడు.

పైకి వచ్చాక అంతయ్య నన్ను పక్కకు తీసుకుపోయాడు. "పోయినోడు పోయిండు. మాట ఇనకుంట తనంతట తనే పోయిండని రాస్త. నువ్వు సంతకం పెట్టు. గా పోరగాండ్లకు నేను చెప్పుకుంట" అన్నాడు. సంతకం పెట్టాను. ఇప్పుడు కాలనీలో నాగయ్య తాగి దిగాడని కూడా చెప్పుకుంటున్నారు. అది నేను అనలేదు. అనలేదు గానీ కాదని కూడా అనలేదు.

విచారణ సెప్టెంబరు పన్నెండున. సంతకం పెట్టినదే అక్కడ చెబితే అయిపోతుంది. నిజం చెబితే సర్దారు సర్టిఫికెట్ పోతుంది, కేసు పెట్టవచ్చు, జైలు కూడా కావచ్చు. ఈ ఒంటితో నేను జైలులో ఎన్ని రోజులు ఉంటాను? నాగయ్య ఎటూ లేచి రాడు.

నా ఉత్తరాలు నీ దగ్గర ఉన్నాయి, జూలై పంతొమ్మిదిది, ఇది. రెండూ కాల్చెయ్యి. కాల్చానని ఒక్క కార్డు ముక్క రాయి.

పర్శరాములు


మెట్‌పల్లి,
29 ఆగస్టు 1994.

తమ్ముడికి,

నీ ఉత్తరం అందిన రోజే బడికి సెలవు పెట్టి తిమ్మాపూర్ కాలనీకి పోయాను. నువ్వు రావద్దన్నావు, నేను వినలేదు. మన ఇంట్లో ఎవరూ ఎవరి మాటా వినరు.

భూమవ్వకు గడ్డ సంగతి ఎప్పుడో తెలుసు. నీ చొక్కా జేబులో ఆస్పత్రి చీటీ చూసి మందుల షాపు అతనితో చదివించుకున్నదట. "నాకు తెల్వదని ఆయనకు ధైర్యం వదినే, గా ధైర్యమన్న ఉండనీ అని ఊకున్న" అన్నది. రాములూ, ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

తరువాత పోశవ్వ ఇంటికి పోయాను. మీ వరుసలోనే ఏడో ఇల్లు. లోపల చీకటిగా ఉంది, దీపం పెట్టలేదు. నేను సర్దారు అక్కనని తెలిసి లేచి పీట వేసింది. నీ ఆరోగ్యం అడిగింది. నాగయ్యే చెప్పాడట, సర్దారుకు చెవి నిమ్మళంగా లేదు, నేను చూసుకుంటున్నానని. ఏడాది నుంచి ఆమెకు తెలుసు. ఎవరితోనూ అనలేదు.

నేను లేచి వచ్చేటప్పుడు ఆమె వాకిలి దాకా వచ్చి అడిగింది. "అక్కా, నువ్వు సదువుకున్నదానివి. గాయిన సర్దార్ మాట ఇనకుంట పోయిండంటున్నరు. తాగిండంటున్నరు. పద్దెనిమిదేండ్లల్ల ఒక్కనాడు సర్దార్ మాట జవదాటలే. నాకు ఇంకేం వద్దు. గాయిన ఎట్ల పోయిండో మీ తమ్మున్ని అడిగి నాకు చెప్పు. నా ఇద్దరు ఆడపిల్లలు గా మాట మొయ్యాలె కదా."

నాకు తెలుసు, చెప్పలేదు. బస్సెక్కి మెట్‌పల్లి దాకా ఏడ్చాను.

ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను, నీ రెండు ఉత్తరాలు ఒళ్లో పెట్టుకుని. మొన్న మేనేజరు కాగితం వేసింది ఆ పొయ్యిలోనే. అది వేయకుండా పోస్టు డబ్బాలో వేసి ఉంటే ఆగస్టు ఐదున నువ్వు గనిలో ఉండేవాడివి కాదు, నాగయ్య బతికి ఉండేవాడు. ఈ పాపంలో సగం నాది. నీకు దండం పెట్టవలసిన పరిస్థితి రాకూడదని చింపాను. తమ్ముడి గౌరవం చూశాను గానీ ముప్పై మందిని చూడలేదు. ఇంకొకసారి ఆ పొయ్యిలో కాగితం వేయను.

పోస్టులో విచారణ ఆఫీసరుకు పంపుదామా అని కూడా అనుకున్నాను. అదీ చేయను. అట్లా చేస్తే నిజం చెప్పింది నేనవుతాను, నువ్వు కావు. నీ ఉత్తరాలు రెండూ వేరే కవరులో పెట్టి కాలనీ ఇంటికి రిజిస్టరు చేస్తున్నాను. నువ్వు ముప్పయ్యోది ముగించుకుని వచ్చేసరికి అందుతాయి. అవి నీవి. కాల్చుకుంటావో, చదివి వినిపిస్తావో, నీ ఇష్టం. జైలుకు పోతే అన్నం తెస్తాను. కాల్చినా నువ్వు నా తమ్ముడివే, కానీ నీ ఇంటికి నేను రాలేను, ఎందుకంటే ఏడో ఇల్లు దాటి రావాలి.

నర్మద


తిమ్మాపూర్ గని కాలనీ,
ఆదిలాబాద్ జిల్లా,
14 సెప్టెంబరు 1994.

అక్కకు,

ముప్పయ్యోది ఆగస్టు ముప్పై ఒకటిన అయింది. ఆరు నెలల తరువాత మళ్లీ తల ఫోటో తీసి, గడ్డ ఆగిందో లేదో చెబుతారట. సిరా గీతలు సబ్బుతో కడిగితే పోయాయి. జుట్టు అక్కడ రాలేదు.

కవరు నాకన్నా ముందే వచ్చింది. భూమవ్వ విప్పకుండా దేవుడి గూట్లో పెట్టింది. పన్నెండు రోజులు అది అక్కడే ఉంది. తెరిస్తే కాలుస్తానని నాకు తెలుసు, అందుకే తెరవలేదు.

విచారణ మేనేజరు ఆఫీసులో పెట్టారు. అంతయ్య ముందు చెప్పాడు, రాసిందే చెప్పాడు. బదిలీ ఫిల్లర్లు నలుగురూ దూరంగా ఉన్నాం, చూడలేదన్నారు. నవ్వినవాడు నేల వైపు చూస్తూ చెప్పాడు. తరువాత నన్ను పిలిచారు. నేను కవరు ఆఫీసరు బల్ల మీద పెట్టాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. గుమాస్తా విప్పి పైకి చదివాడు, మొదట జూలైది, తరువాత ఆగస్టుది. చదువుతుంటే నా అక్షరాలు వేరే ఎవరో రాసినట్టు వినపడ్డాయి. 'పోశవ్వ కొంగు' దగ్గర గుమాస్తా ఆగి నా వైపు చూశాడు. చదవమన్నాను.

ఇవి నువ్వు రాసినవేనా అని ఆఫీసరు అడిగాడు. అవునన్నాను. రిపోర్టులో సంతకం? అదీ నాదే, అది అబద్ధం, ఇది నిజం అన్నాను. నాగయ్య తాగలేదు, తొందరపడలేదు, నేను పొమ్మంటే పోయాడు అని మూడుసార్లు చెప్పాను, రాసుకునేదాకా. అంతయ్య లేచి బయటికి పోయాడు. ఈ కాలనీలో ఇక నాతో మాట్లాడేవాళ్లు ఉండరు. సర్టిఫికెట్ అక్కడే తీసుకున్నారు. కేసు సంగతి తరువాత తెలుస్తుందట. ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే భూమవ్వను కొన్నాళ్లు నీ దగ్గర ఉంచుకో.

అది కాదు నేను నీకు రాయాలనుకున్నది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. ఇది ఎవరికీ తెలియదు.

పోశవ్వను కూడా పిలిపించారు. నా పక్కనే కుర్చీ వేశారు, ఎడమ పక్క. గుమాస్తా చదవడం అయ్యాక, ఆఫీసరు రాసుకుంటున్నప్పుడు, ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది. నేను బల్ల వైపే చూస్తున్నాను. ఆఫీసరు కలం ఆపాడు. గుమాస్తా తల వంచుకున్నాడు. దాన్ని బట్టి ఆమె నాతో మాట్లాడుతున్నదని తెలిసింది. చాలా సేపే మాట్లాడింది. ఆమె ఊపిరి నా ఎడమ చెంపకు తగిలింది, ఆ తిమ్మిరి చెంపకే. తిట్టిందో, శాపం పెట్టిందో, పోనీలే అన్నదో నాకు తెలియదు. ఆమెకు నా చెవి సంగతి తెలుసు, అయినా ఆ పక్కనే నిలబడి చెప్పింది. తరువాత ఆమె వెళ్లిపోయింది.

తల కొంచెం తిప్పితే కుడి చెవికి వినపడేది. నేను తిప్పలేదు, అక్కా.

పర్శరాములు